పాపకి ప్రైమరీ కాంప్లెక్స్ అన్నారు, రేపే మందులు మొదలుపెట్టాలా?

కొళత్తూరు అమ్మ
18 ఫిబ్రవరి 2025, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మాది గూడూరు. ఆరేళ్లుగా చెన్నై కొళత్తూరులో ఉంటున్నాం. పాపకి నాలుగేళ్లు. జనవరి చివర్లో దగ్గు మొదలై మూడు వారాలు దాటినా తగ్గలేదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతుంది, 100 దాకా పోయి తెల్లారేసరికి దిగిపోతుంది. వారం రోజులు అమాక్సిసిలిన్ వాడాం, ఏ మార్పూ లేదు. డిసెంబరులో 14.4 కిలోలు ఉండేది, ఇప్పుడు 13.6.

దగ్గర్లోని క్లినిక్‌లో చేతికి సూది వేసి మూడో రోజు చూశారు. 14 మిల్లీమీటర్లు ఉబ్బింది. ఎక్స్‌రే కూడా తీశారు గానీ, ఏదో ఉన్నట్టుంది, స్పష్టంగా తెలియడం లేదన్నారు. "ప్రైమరీ కాంప్లెక్స్, ఆరు నెలలు మందులు వాడితే సరిపోతుంది" అని చీటీ రాసిచ్చారు. టీబీ అన్న మాటే ఆయన అనలేదు. ఇంటికొచ్చి మందుల పేర్లు ఫోన్‌లో చూస్తే అన్నీ టీబీవే. అప్పటినుంచి నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు. పుట్టినప్పుడే బీసీజీ టీకా వేయించాం, భుజం మీద మచ్చ కూడా ఉంది. అయినా ఎలా వస్తుందండీ? రేపు పొద్దున్నే మందులు మొదలుపెట్టనా, ఆగనా? ఇంట్లో పది నెలల బాబు కూడా ఉన్నాడు.

విల్లివాక్కం వదిన
18 ఫిబ్రవరి, రాత్రి 11:05

టెన్షన్ పడకండి అమ్మా. మా అపార్ట్‌మెంట్‌లోనే ముగ్గురు పిల్లలకి ఇదే పేరు చెప్పారు, ఆరు నెలలు వాడారు, బాగున్నారు. టీబీ వేరు, ఇది వేరు అనుకుంటా.

ఆవడి పిల్లల డాక్టర్
19 ఫిబ్రవరి, ఉదయం 6:20

వదిన గారూ, వేరు కాదండీ. ప్రైమరీ కాంప్లెక్స్ అన్నది టీబీ క్రిమి మొదటిసారి ఊపిరితిత్తిలో చేరి, పక్కనున్న బిళ్లలు (లింఫు గ్రంథులు) ఉబ్బడానికి పాతకాలం నుంచి ఉన్న పేరు. తల్లిదండ్రులు బెదరకూడదని ఇక్కడ చాలామంది డాక్టర్లు ఆ పేరు వాడతారు. మంచి ఉద్దేశంతోనే అంటారు. కానీ దానివల్ల రెండు నష్టాలు నేను రోజూ చూస్తున్నాను. జబ్బు లేని పిల్లలు నెలల తరబడి మందులు మింగుతారు. జబ్బు ఉన్న పిల్లల ఇంట్లో దాన్ని అంటించిన పెద్దవాళ్లను ఎవరూ వెతకరు.

కొళత్తూరు అమ్మా, మీరు చెప్పిన లక్షణాలు తేలిగ్గా తీసుకునేవి కావు. రెండు వారాలు దాటిన దగ్గు, జ్వరం, మూడు నెలల్లో 5 శాతానికి మించి బరువు తగ్గడం, ఈ మూడూ పాపకి ఉన్నాయి. కాబట్టి పరీక్ష తప్పనిసరి. అయితే చేతికి వేసిన ఆ టీబీ పరీక్ష సూది ఉబ్బినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. ఆ క్రిమి ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందని మాత్రమే అది చెబుతుంది. క్రిమి ఉండి జబ్బు పడని పిల్లలు చాలామంది. ఎంత మందు ఎక్కించారో కూడా అడగండి. మన దగ్గర 2 టీయూ (ట్యుబర్‌క్యులిన్ యూనిట్లు, ఆ సూది మందు కొలత) వేయాలి. 10 టీయూ వేస్తే జబ్బు లేని పిల్లలకీ చెయ్యి ఉబ్బుతుంది. కొలవాల్సింది చేతికి గట్టిగా తగిలే ఉబ్బునే, చుట్టూ ఎర్రబడిన చోటుని కాదు.

బీసీజీ గురించి అడిగారు. అది మెదడుకి వచ్చే టీబీ, ఒళ్లంతా పాకే టీబీ లాంటి ప్రాణాంతకమైన వాటినుంచి చిన్నపిల్లల్ని చాలావరకు కాపాడుతుంది. ఊపిరితిత్తుల టీబీని పూర్తిగా ఆపలేదు. మచ్చ ఉంది కదా, మా పిల్లకి రాదు అనుకోవడానికి లేదు.

నా మాట ఒక్కటే. మందులు మొదలుపెట్టే ముందు సాంపిల్ తీయించండి. ఒకటి రెండు రోజుల్లో పోయేదేమీ లేదు. పాప మగతగా పడి ఉండటం, ఆగకుండా వాంతులు, ఫిట్స్, మెడ బిగుసుకోవడం, ఆయాసం, వీటిలో ఏది కనిపించినా ఇదంతా పక్కనపెట్టి అదే నిమిషంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంకో ప్రశ్న. ఇంట్లోగానీ, ఇంటికి వచ్చిపోయేవాళ్లలోగానీ ఎవరికైనా చాలా రోజులుగా దగ్గు ఉందా?

అంబత్తూరు రాఘవ
19 ఫిబ్రవరి, ఉదయం 8:15

ల్యాబ్‌లో టీబీకి రక్తపరీక్ష ఉంటుంది కదా, ఐజీజీ, ఐజీఎం. పిల్లని ఇబ్బంది పెట్టకుండా అది చేయిస్తే తేలిపోతుంది.

ఆవడి పిల్లల డాక్టర్
19 ఫిబ్రవరి, ఉదయం 8:50

దయచేసి వద్దు రాఘవ గారూ. టీబీ తేల్చడానికి వాడే ఆ యాంటీబాడీ రక్తపరీక్షలను భారత ప్రభుత్వం 2012లోనే నిషేధించింది. లేనివాళ్లకి ఉందనీ, ఉన్నవాళ్లకి లేదనీ చెప్పేవి. ఇప్పటికీ ఎవరైనా రాసిస్తే, ఎందుకని అడగండి. ఇగ్రా అనేది వేరే రక్తపరీక్ష. అది కూడా సూదిలాగే క్రిమి ఉందని చెబుతుంది గానీ జబ్బు ఉందని చెప్పలేదు.

కొళత్తూరు అమ్మ
19 ఫిబ్రవరి, మధ్యాహ్నం 1:30

డాక్టరు గారూ, మీ ప్రశ్న చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా అత్తయ్య సంక్రాంతికి ముందు గూడూరు నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. ఆవిడకి దీపావళి నుంచి దగ్గు. ఉబ్బసం అనుకున్నాం, ఊళ్లో పీల్చే మందు ఇచ్చారు. షుగర్ కూడా ఉంది. పాప రోజూ నాయనమ్మ పక్కలోనే పడుకుంటుంది.

వార్డు అక్క
19 ఫిబ్రవరి, మధ్యాహ్నం 2:10

అమ్మా, నేను పద్దెనిమిదేళ్లు పిల్లల వార్డుల్లో నర్సుగా చేశాను. ముందు ఒక్క మాట వినండి. ఈరోజు ఇంట్లో ఎవరినీ ఒక్క మాట అనొద్దు. మీ అత్తగారు కావాలని తెచ్చింది కాదు. ఆవిడా మనవరాలంత ముద్దుగా చూసుకోవాల్సిన రోగే ఇప్పుడు. అలాంటి సమయంలో ముసలావిడని ఊరికి పంపేసిన ఇళ్లు చూశాను. పంపేస్తే ఆవిడకి వైద్యం ఆగుతుంది, అక్కడ ఇంకో పిల్లకి అంటుతుంది. ఆవిడకి మాస్కు ఇవ్వండి, పక్క వేరే గదిలో వేయండి, కిటికీలు తెరిచి పెట్టండి, రేపే తెమడ పరీక్షకి తీసుకెళ్లండి.

ఇక సాంపిల్ గురించి. నాలుగేళ్ల పిల్ల కాండ్రించి తెమడ ఉమ్మలేదు, వచ్చింది వచ్చినట్టు మింగేస్తుంది. రాత్రంతా మింగినది పొద్దునకి కడుపులో ఉంటుంది. అందుకే తెల్లవారుజామున, లేచీ లేవగానే, ఏమీ తాగకముందే ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి కడుపులోని నీరు కొద్దిగా తీస్తారు. ముందురోజు రాత్రి అన్నం తిన్నాక ఏమీ పెట్టకూడదు, మంచినీళ్లు కూడా. లేచాక పిల్లని నడిపించొద్దు, నిద్రలోంచి ఎత్తుకొచ్చినట్టే తీసుకురండి. కడుపు కదిలితే అందులో ఉన్నది కిందికి జారిపోతుంది. మామూలుగా వరసగా రెండు రోజులు తీస్తారు. ఏడుస్తుంది, దాచిపెట్టడం ఎందుకు. కానీ చేయి తిరిగినవాళ్లు చేస్తే రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. మీరు తల దగ్గర నిలబడి చేతులు పట్టుకుని పేరు పెట్టి పిలుస్తూ ఉండండి. మీ ముఖం కనిపిస్తే పిల్ల తట్టుకుంటుంది. వెంట ఒక దుప్పటి, తీశాక తాగించడానికి పాలు తీసుకెళ్లండి.

ఆవడి పిల్లల డాక్టర్
19 ఫిబ్రవరి, మధ్యాహ్నం 2:45

అక్క చెప్పినదాని కంటే బాగా నేను చెప్పలేను. తీసిన నీటిని సీబీనాట్ లేదా ట్రూనాట్ మిషన్‌లో పెడతారు. క్రిమి ఉందో లేదో, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకి లొంగుతుందో లేదో కొన్ని గంటల్లోనే తెలుస్తుంది. గొట్టం వేయడం కుదరకపోతే ఆవిరి పట్టించి తెమడ తీస్తారు. మలంతో చేసినా పనికొస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ పరీక్షలకీ మందులకీ డబ్బు కట్టక్కర్లేదు.

ఒక హెచ్చరిక. పిల్లల్లో క్రిములు చాలా తక్కువ ఉంటాయి. కాబట్టి పరీక్షలో కనపడలేదంటే జబ్బు లేదని కొట్టిపారేయలేం. ఇంట్లో టీబీ రోగి ఉండటం, ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మొదట్లో బిళ్లలు ఉబ్బి ఉండటం, బరువు తగ్గడం, ఇవన్నీ కలిపి చూసి డాక్టరు నిర్ణయిస్తారు. ఎక్స్‌రే స్పష్టంగా రాకపోతే మళ్లీ తీయించండి. పిల్ల కదిలినా, వంకరగా నిలబడినా లేని నీడలు కనిపిస్తాయి.

కొళత్తూరు అమ్మ
22 ఫిబ్రవరి, రాత్రి 9:15

నిన్నా ఇవాళా రెండు పొద్దులు ఎగ్మోర్ పిల్లల ఆసుపత్రిలో సాంపిల్ తీశారు. అక్క చెప్పినట్టే దుప్పట్లో చుట్టి ఆటోలో తీసుకెళ్లాం. నిన్నటి సాంపిల్‌లోనే టీబీ క్రిమి కనిపించింది. రిఫాంపిసిన్‌కి లొంగే రకమే. కొత్త ఎక్స్‌రేలో కుడివైపు బిళ్లలు ఉబ్బినట్టు తేలింది. హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేశారు, లేదు.

అత్తయ్య తెమడలో కూడా క్రిమి ఉంది. ఆవిడ బరువు, ఎత్తు కొలిచి, కాళ్లు వాచాయేమో చూసి, వేలికి ఆక్సిజన్ మిషన్ పెట్టి, సాయం లేకుండా నిలబడమన్నారు. తమిళనాడులో టీబీ వచ్చిన పెద్దవాళ్లందరికీ మొదట ఇలాగే చూస్తారట, ప్రమాదంలో ఉన్నవాళ్లని వెంటనే చేర్చుకోవడానికి. ఆవిడని చేర్చుకోవాల్సిన అవసరం లేదన్నారు. బయటికొచ్చాక బెంచీ మీద కూర్చుని, "నా చేతులతోనే బిడ్డకి ముద్దలు పెట్టానే" అని ఏడ్చారు. అక్క రాసినదే ఆవిడకి చదివి వినిపించాను.

పెరంబూరు తాతయ్య
23 ఫిబ్రవరి, ఉదయం 7:00

అమ్మా, నాకు 74. ఐసీఎఫ్ రైలు పెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాను. మా చిన్నతనంలో టీబీ అంటే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం పేరే వినపడేది. మా మేనత్త అక్కడికి వెళ్లింది. రెండేళ్లు పిల్లల ముఖం చూడలేదు. ఇంట్లో ఉంచి మందులిచ్చినా శానిటోరియంలో ఉన్నంత బాగా నయమవుతుందని, ఇంట్లోవాళ్లకి అదనంగా అంటుకోదని ప్రపంచానికి చూపించింది మన చెన్నై నగరమే. చేట్‌పట్‌లో 1956లో పెట్టిన పరిశోధన కేంద్రం ఆ పని చేసింది, 1959 నుంచి ఫలితాలు వచ్చాయి. రోగి బిడ్డల మధ్య ఉండి బాగుపడవచ్చని ఆనాడే తేలింది. మీ అత్తగారిని ఇంట్లో ఉంచుకోవడానికి భయపడొద్దని చెప్పడానికే ఇదంతా రాశాను.

ఓఎంఆర్ నాన్న
23 ఫిబ్రవరి, ఉదయం 10:20

మా అబ్బాయికి మెడ దగ్గర బిళ్లల టీబీ వచ్చింది, పోయినేడాది ఆగస్టుకి మందులు పూర్తయ్యాయి. మందులు వేయడంలో నేను నేర్చుకున్నవి రాస్తాను.

పిల్లల మందు బిళ్లలు నీళ్లలో కరిగిపోతాయి. కొద్ది నీళ్లే వాడండి, గ్లాసు నిండా కలిపితే సగం వదిలేస్తారు. పొద్దున ఖాళీ కడుపున, టిఫిన్‌కి గంట ముందు వేసేవాళ్లం. కక్కితే కంగారుపడి మీరే ఇంకో డోసు ఇవ్వొద్దు, ఆసుపత్రికి ఫోన్ చేసి అడగండి. మూత్రం నారింజ రంగులో వస్తుంది, కన్నీళ్లు కూడా. రిఫాంపిసిన్ వల్ల అలా అవుతుంది, భయం లేదు. మాకు ముందు ఎవరూ చెప్పకపోవడంతో రక్తం అనుకుని అర్ధరాత్రి పరిగెత్తాం.

రెండో నెలలో మావాడి మెడ దగ్గర బిళ్ల తగ్గాల్సింది పోయి ఇంకా పెద్దదైంది. మందు పనిచేయట్లేదని నా భార్య తిండి మానేసింది. డాక్టరు చూసి, చనిపోయిన క్రిముల మీద ఒళ్లు తిరగబడటం వల్ల అలా అవుతుంది, మందు మార్చక్కర్లేదన్నారు. తర్వాత అదే తగ్గింది. చిన్న గోళీ అంత ఇప్పటికీ ఉంది, అది ఉండిపోవచ్చట.

అంబత్తూరు రాఘవ
23 ఫిబ్రవరి, మధ్యాహ్నం 12:05

రక్తపరీక్ష గురించి తెలియక రాశాను, క్షమించండి. ఒకటి అడగాలి. ఈమధ్య పిల్లలకి నాలుగు నెలలే చాలంటున్నారు, నిజమా?

ఆవడి పిల్లల డాక్టర్
23 ఫిబ్రవరి, రాత్రి 8:30

నిజమే. తీవ్రత తక్కువ ఉన్న టీబీ అయితే 3 నెలల నుంచి 16 ఏళ్ల లోపు పిల్లలకి నాలుగు నెలలు చాలని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆ పరిశోధన ఉగాండా, జాంబియా, దక్షిణాఫ్రికాతో పాటు మన దేశంలోనూ జరిగింది, చెన్నై పిల్లలు కూడా అందులో ఉన్నారు. కానీ ఎవరిది తీవ్రత తక్కువ అన్నది ఎక్స్‌రే, తెమడ, మిగతా అవయవాలు చూసి డాక్టరు తేల్చాలి. ఇది చదివి ఎవరూ నాలుగో నెలలో సొంతంగా ఆపొద్దు. మెదడు టీబీ అయితే ఏడాది వాడాలి.

కొళత్తూరు అమ్మా, మీ బాబు సంగతి మరిచిపోవద్దు. నాకు పాప కంటే పది నెలల బాబు గురించే ఎక్కువ బెంగ. రెండేళ్ల లోపు పిల్లల్లో క్రిమి ఒంట్లోకి వస్తే జబ్బుగా మారడానికి, మెదడుకి పాకడానికి ఎక్కువ అవకాశం. వాడికి దగ్గు, జ్వరం లేకపోయినా ఈ వారమే చూపించండి. జబ్బు లేదని తేలితే రాకుండా ఉండటానికి ఐసోనియాజిడ్ ఆరు నెలలు ఇస్తారు. ఇంట్లో టీబీ రోగి ఉన్నప్పుడు ఐదేళ్ల లోపు పిల్లలకి ఇది ఇవ్వాల్సిందే. మీరూ మీవారూ కూడా పరీక్ష చేయించుకోండి.

కొళత్తూరు అమ్మ
2 మార్చి, సాయంత్రం 5:40

పాపకి 24న మందులు మొదలయ్యాయి. బరువుని బట్టి రోజుకి కొన్ని మందులు కలిపి చేసిన బిళ్లలు మూడు, ఇథాంబుటాల్ అనే మందు బిళ్లలు మూడు. బాబుకి జబ్బు లేదు, నిన్నటినుంచి ఐసోనియాజిడ్ వేస్తున్నాం, దాంతోపాటు బీ6 విటమిన్ ఇచ్చారు. మా ఇద్దరికీ ఏమీ లేదు, మాకూ రాకుండా మందులు రాశారు. ప్రభుత్వం టీబీ రోగుల్ని నమోదు చేసే నిక్షయ్‌లో పాప పేరు, అత్తయ్య పేరు ఎక్కించారు. పౌష్టికాహారానికి నెలకి 1000 రూపాయలు బ్యాంకులో వేస్తారట.

ప్లేస్కూల్‌కి ఏం చెప్పాలో తెలియడం లేదు. ఇంటి ఓనరుకి తెలిస్తే ఖాళీ చేయమంటారేమోనని మావారి భయం.

వార్డు అక్క
2 మార్చి, రాత్రి 7:15

ఇంత చిన్నపిల్లల నుంచి మామూలుగా ఎవరికీ అంటదు. గట్టిగా దగ్గి క్రిముల్ని బయటికి చిమ్మే శక్తి వాళ్లకి ఉండదు. జ్వరం తగ్గి హుషారు వచ్చాక డాక్టరుని అడిగి బడికి పంపండి. టీచరు ఒక్కరికి చెబితే చాలు. ఓనరుకి చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు.

కళ్లు పచ్చబడటం, తిండి బొత్తిగా మానేయడం, ఆగని వాంతులు కనిపిస్తే మందులు ఆపి అదేరోజు ఆసుపత్రికి వెళ్లండి, లివర్ చూడాలి. అన్నంలోకి రోజూ గుడ్డు, ముద్దపప్పు, నెయ్యి. సాయంత్రం వేరుశెనగ ఉండ. ఖరీదైన పొడులు కొనొద్దు.

కొళత్తూరు అమ్మ
27 ఏప్రిల్, ఉదయం 11:00

రెండు నెలలు నిండాయి. పాప 14.5 కిలోలు. మూడో వారానికే సాయంత్రం జ్వరం పోయింది. ఇప్పుడు మందు బిళ్లలు మారాయి, పైరజినమైడ్ అనే మందు తీసేశారు. ఒక రోజు మాత్రం ఇల్లంతా గోల చేసి గ్లాసు తోసేసింది. అత్తయ్య తన బిళ్లలు తెచ్చుకుని పక్కన కూర్చుని, "నువ్వొకటి, నేనొకటి" అన్నారు. అప్పటినుంచి ఇద్దరూ కలిసే వేసుకుంటున్నారు. తలుపు వెనక కాగితం మీద ఇద్దరి పేర్లూ రాసి పాపే రోజూ చుక్క పెడుతుంది.

మే నెలలో గూడూరు వెళ్లాలి. మందుల సంగతి ఎలా?

ఓఎంఆర్ నాన్న
27 ఏప్రిల్, మధ్యాహ్నం 3:30

మేం కావలి వెళ్లినప్పుడు ముందుగా చెబితే సరిపడా మందులు ఇచ్చారు. ఎక్కువ రోజులుంటే నిక్షయ్ నంబరు చూపించి అక్కడికి మార్పించుకోవచ్చు, రాష్ట్రం మారినా అదే నంబరు. మందుల కార్డు, ఎక్స్‌రే కూడా తీసుకెళ్లండి. ఏదైనా సందేహమొస్తే 1800-11-6666కి ఫోన్ చేయండి, డబ్బు పడదు.

విల్లివాక్కం వదిన
28 ఏప్రిల్, ఉదయం 9:10

ఇదంతా చదివాక మా అపార్ట్‌మెంట్‌లో ఆ ముగ్గురు పిల్లల అమ్మలతో మాట్లాడాను. ఒక్క ఇంట్లో కూడా పెద్దవాళ్లకి పరీక్ష చేయలేదు. ఒక పిల్లాడి తాతయ్యకి ఇప్పటికీ దగ్గు ఉంది. ఈరోజు ఆయన్ని తీసుకెళ్తున్నారు.

కొళత్తూరు అమ్మ
30 ఆగస్టు, రాత్రి 8:20

పాప మందులు 24తో పూర్తయ్యాయి. బరువు 15.4. ఎక్స్‌రేలో బిళ్లలు తగ్గాయి. అత్తయ్య తెమడ పరీక్షలో క్రిమి లేదు, ఆవిడవీ ఈ వారమే పూర్తయ్యాయి. షుగర్ కూడా అదుపులో ఉంది. బాబుకి రేపటితో అయిపోతాయి.

విల్లివాక్కం వదినా, ఆ తాతయ్య గారికి ఏం తేలింది?

విల్లివాక్కం వదిన
30 ఆగస్టు, రాత్రి 9:00

టీబీయే అమ్మా. నాలుగు నెలలుగా మందులు వాడుతున్నారు, దగ్గు తగ్గింది. మనవడిని మళ్లీ చూపించారు, వాడు బాగానే ఉన్నాడు.

ఆవడి పిల్లల డాక్టర్
31 ఆగస్టు, ఉదయం 6:45

చాలా సంతోషం. మందులు అయిపోయాక కూడా ఆరు నెలలకోసారి, రెండేళ్ల దాకా చూపించాలి. బరువు ఆగిపోయినా, దగ్గు మళ్లీ రెండు వారాలు దాటినా ఆ తేదీ దాకా ఆగొద్దు.

కొళత్తూరు అమ్మ
31 ఆగస్టు, ఉదయం 7:30

ఫిబ్రవరి 24న రమ్మన్నారు డాక్టరు గారూ. అత్తయ్యదీ అదే రోజు రాయించాను. తలుపు వెనక కాగితం తీసేస్తానంటే పాప ఒప్పుకోలేదు, తమ్ముడి పేరు కింద ఇవాళ్టి చుక్క ఇంకా పెట్టాలట.